క్లాడెట్ గారి చేతిలో పడితే

క్లాడెట్ బెర్జెవిన్ గారి చేతిలో పడ్డ వస్తువేదీ సాయంత్రానికి చెక్కుచెదరకుండా మిగలదు. ఇది చాడీ కాదు, బోస్టన్ దగ్గరున్న మా లోవెల్ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఆవిడకి చెయ్యి వణకదు, కాలు తట్టుకోదు, కోపం అసలే రాదు. కావాలనే, ఎంతో శ్రద్ధగా, ఒక పద్ధతి ప్రకారం విరగ్గొడతారు. విరిగాక ఆవిడ ముఖంలో కనిపించే సంతోషం చూస్తే, మనకీ ఇంట్లోంచి ఏదో ఒకటి తెచ్చిచ్చి విరగ్గొట్టించుకోవాలనిపిస్తుంది.

ఈ మాట చెప్పే అధికారం నాకంటే ఎక్కువ ఇంకెవరికీ లేదు. నా పేరు అర్మాండో ఫుర్టాడో. ఊళ్ళోని ఒక ప్రభుత్వ బడిలో తాళాలు, మరమ్మతులు, తుడుపులు అన్నీ నావే. ఏడేళ్ళుగా ఆవిడ విరగ్గొట్టినవన్నీ బాగుచేస్తున్నది నేనే.

నిజానికి అది ఉద్యోగం నేర్పిన అలవాటు. ముప్ఫై నాలుగేళ్ళు ఆవిడ ఒక కంప్యూటర్ల కంపెనీలో పనిచేశారు. అక్కడ మిగతావాళ్ళ పని ప్రోగ్రాములు రాయడం. ఈవిడ పని వాటిని పడగొట్టడం. కొన్నవాడి చేతిలో పడిపోకముందే ఈవిడ చేతిలో పడిపోవాలి, అదీ ఒప్పందం. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఈవిడ తమ బల్లవైపు నడిచొస్తుంటే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళట. కాలం మారి ఆ కంపెనీ మూతపడింది. జీతం ఆగింది. అలవాటు మాత్రం ఆగలేదు.

ఒక సెప్టెంబరులో ఆవిడ మా బడికి వచ్చారు. అప్పటికి ఆవిడకి డెబ్భై దగ్గర పడుతోంది. ప్రభుత్వ బడుల పిల్లలకి మంగళవారం, గురువారం బడి వదిలాక ప్రోగ్రాములు రాయడం ఉచితంగా నేర్పుతానన్నారు. కింది అంతస్తులో పాత కుట్టుపని గది ఖాళీగా ఉంది, చూపించమని నన్ను పంపారు. తలుపు దగ్గరికి వెళ్ళామో లేదో, ఆవిడ పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. తిప్పారు, వదిలారు. తిప్పారు, వదిలారు.

"తాళం తీసే ఉందమ్మా," అన్నాను.

"తెలుసు," అన్నారు, తిప్పుతూనే.

పదకొండోసారికి పిడి ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది. దాన్ని పైకెత్తి, చెరువులో చేప పట్టినంత మురిపెంగా చూశారు.

"ఇరవై ఏళ్ళుగా ఊడలేదమ్మా ఇది!"

"ఇరవై ఏళ్ళుగా ఎవరూ సరిగ్గా తిప్పలేదన్నమాట. లోపల పిల్లలుండగా ఊడితే ఏం చేస్తావు అర్మాండో?"

వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను. ఆ రోజు మొదలు, ఆవిడ వచ్చేరోజుల్లో దాన్ని జేబులోంచి తియ్యడం మానేశాను.

ఊళ్ళో ఆవిడ చేసిన ఘనకార్యాలు అన్నీ చెప్పాలంటే ఒక చలికాలం సరిపోదు. మా వీధి చివర డోనట్ల కొట్టులో కొత్తగా ఒక తెర పెట్టారు. మనమే వేలితో నొక్కి కావలసినవి అడగాలి. క్లాడెట్ గారు ముందు సున్నా డోనట్లు అడిగారు. తెర మర్యాదగా చీటీ ఇచ్చింది. తర్వాత తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది కాఫీలు అడిగారు. వంటింట్లోంచి చీటీలు మూరలకొద్దీ బయటికి రావడం మొదలైంది. లోపలి కుర్రాడు వాటిని చేతులకి చుట్టుకుంటూ, "ఎవరండీ ఈ పెళ్ళివాళ్ళు?" అని అరిచాడు.

చర్చిలో అయితే ఇంకా ఘోరం. పాతకాలం మైనపు కొవ్వొత్తులు తీసేసి, మీట నొక్కితే వెలిగే కరెంటు కొవ్వొత్తులు పెట్టారు. ఆదివారం పూజ అయ్యాక అందరూ ఒక్కొక్కటి వెలిగించుకుని పోతుంటే, క్లాడెట్ గారు మోచేతులు రెండూ ఆనించి ఒకేసారి అరవై వెలిగించారు. చర్చి మొత్తం చీకటైపోయింది.

చీకట్లోంచి ఫాదర్ గొంతు వినిపించింది. "క్లాడెట్, ఎవరి ఆత్మ కోసం వెలిగించావమ్మా అన్ని?"

"మీ ఫ్యూజు ఆత్మ కోసం, ఫాదర్."

ఇక క్లాసు సంగతి.

మొదటి ఏడాది పద్నాలుగు మంది చేరారు. వాళ్ళలో విల్కిన్ పెరాల్టా అని ఒక డొమినికన్ కుర్రాడు ఉండేవాడు. నిద్రలో తప్ప నోరు మూయడు, వాళ్ళమ్మ లెక్క ప్రకారం నిద్రలో కూడా మూయడు. మొదటి ప్రోగ్రాం పూర్తిచేసింది వాడే. వయసు అడుగుతుంది, పదహారేళ్ళు నిండి కారు నడపడానికి ఇంకా ఎన్నేళ్ళు ఆగాలో చెబుతుంది. వాడు గర్వంగా కుర్చీ వెనక్కి లాగి, "కూర్చోండి మిస్, మీ వయసు కొట్టండి," అన్నాడు.

క్లాడెట్ గారు కూర్చుని మైనస్ ఏడు అని కొట్టారు. ఇంకా ఇరవై మూడేళ్ళు ఆగాలంది ప్రోగ్రాం.

"చూశావా, ఎంత అమాయకురాలో? పుట్టనివాడికి కూడా కారు ఇస్తానంటోంది."

"మైనస్ ఏడేళ్ళు ఎవరికుంటాయి మిస్!"

ఆవిడ సమాధానం చెప్పకుండా ఈసారి పద్నాలుగు అని అంకెల్లో కాక అక్షరాల్లో కొట్టారు. ప్రోగ్రాం కుప్పకూలింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ పైకెత్తి, "పడింది!" అని అరిచారు. పై అంతస్తులో ఉన్న నేను నిచ్చెన మీంచి దిగిపోయాను, ఎవరో పిల్లాడు పడ్డాడేమోనని.

విల్కిన్ ముఖం మాడ్చుకున్నాడు. "వయసు అలా ఎవరు రాస్తారు మిస్?"

"నువ్వనుకున్నట్టే రాస్తారని నీకెవరు చెప్పారు? నీ ప్రోగ్రాం వాడేవాడికి ఒక చంకలో పసిపిల్ల ఉంటుంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి ఉంటాడు. ఎదురుగా బస్సు వస్తూ ఉంటుంది. వాడికోసం రాయి. నీకోసం కాదు."

ఆ తర్వాత ప్రతి ప్రోగ్రాంకీ అదే గతి. పేరు అడిగితే ఆవిడ పేరు రాయకుండా బటన్ నొక్కేవారు. లేదంటే నాలుగు వందల అక్షరాల పేరు రాసేవారు. రెండూ తట్టుకుంటే కీబోర్డు మీద మోచెయ్యి ఆనించి బరువంతా మోపేవారు. మర్నాడు పొద్దున నేను ఊడ్చేటప్పుడు ఊడిపోయిన బటన్లు దొరికేవి. ఒకసారి క్యూ అక్షరం చెత్తబుట్టలో కనపడింది. ఇంకో అక్షరం కోసం వెతికి వెతికి, చివరికి నా బూటులో చూసుకున్నాను.

చిత్రమేమిటంటే పిల్లలు మానలేదు. పైగా పెరిగారు. మిస్ పడగొట్టలేని ప్రోగ్రాం ఒక్కటైనా రాయాలని వాళ్ళకి పంతం పట్టుకుంది. మంచు మోకాళ్ళదాకా పడ్డ రోజుల్లో కూడా, చంకలో బ్యాగు, నోట్లో సగం కొరికిన రొట్టె, పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు కాగితం మీద పెన్సిలుతో ప్రోగ్రాం రాసుకుని, దాన్ని మిస్ ఎలా పడగొడుతుందో ముందే ఊహించి, చెరిపి మళ్ళీ రాసుకొచ్చేవాళ్ళు. బడి గంట కొట్టగానే బాణాల్లా బయటికి పోయే పిల్లలు ఒక గదిలోకి అలా పరుగెత్తడం నా ఉద్యోగ జీవితంలో అంతకుముందు చూడలేదు. తలుపు దగ్గర నిలబడి అలాగే చూస్తుండిపోయేవాణ్ణి.

నాలుగో ఏడు ఒక అమ్మాయి చేరింది. పదిహేనేళ్ళుంటాయి. గోడ పక్క కుర్చీ ఏరుకుని కూర్చుంది. క్లాడెట్ గారు పేర్లు రాసుకుంటున్నారు.

"పేరు?"

"చన్మొనీ."

"ఇంటిపేరు?"

"ఊ."

"వింటున్నావు, సంతోషం. ఇంటిపేరు చెప్పు."

"ఊ, మిస్."

"అదే అడుగుతున్నాను తల్లీ."

విల్కిన్ ఆగలేకపోయాడు. "మిస్, వాళ్ళ ఇంటిపేరే ఊ! కంబోడియా పేరు. మొత్తం రెండే అక్షరాలు, ఓ, యు, అంతే."

క్లాడెట్ గారు కలం దించి ఆ పిల్లని అసూయగా చూశారు. "నేను డెబ్భై మూడేళ్ళుగా ఎనిమిది అక్షరాల ఇంటిపేరు మోస్తున్నాను. నువ్వు అదృష్టవంతురాలివి."

చన్మొనీ మొదటిసారి నవ్వింది. తర్వాత మూడు నెలలు దాదాపు మాట్లాడలేదు. రాసుకుంటూ కూర్చునేది.

ఆమె రాస్తున్నది వాళ్ళ గుడి కోసం. ఏప్రిల్లో వాళ్ళ కొత్త సంవత్సరానికి ఇంటికొక వంటకం చేసి గుడికి తీసుకెళ్తారు. నిరుడు పదిహేడు ఇళ్ళవాళ్ళు నూనెలో వేయించిన స్ప్రింగ్ రోల్స్ తెచ్చారు, అన్నం ఒక్కరూ తేలేదు. చన్మొనీ వాళ్ళ అమ్మమ్మ, యాయ్ అంటుంది ఆమెని, అంతమందిలో ఇంటికి పరుగెత్తి అన్నం వండాల్సివచ్చింది. ఇంకెప్పుడూ అలా జరగకుండా, ఎవరు ఏం తెస్తున్నారో ముందే రాసుకునే ప్రోగ్రాం అది.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఆ పిల్ల లేచి నిలబడి, "అయిపోయింది మిస్," అంది.

క్లాడెట్ గారు వేళ్ళు విరుచుకుంటూ కూర్చున్నారు. పిల్లలంతా చుట్టూ మూగారు. అదే సమయానికి ఆ గదిలో హీటరు పైపు బిగించాల్సిన పని నాకూ తగిలింది.

ఆవిడ మైనస్ మూడు చేపలు తెస్తానని రాశారు. "క్షమించండి, చేపలు సున్నా కంటే తక్కువ ఉండవు. మళ్ళీ రాస్తారా?" అంది ప్రోగ్రాం. ఒకే మనిషి పేరు రెండుసార్లు రాశారు. "మీరు ఇందాకే రాశారు. మీ వంటకం మార్చమంటారా?" అంది. నాలుగు వందల అక్షరాల పేరు, ఖాళీ పేరు, అన్నీ మర్యాదగా వెనక్కి వచ్చాయి. మోచెయ్యి ఆనించారు. "కీబోర్డు మీద ఏదో పడినట్టుంది. తీశాక చెప్పండి," అంది.

క్లాడెట్ గారి నుదుటిమీద చెమట. ఆవిడ వంగి, బల్లకింద చెయ్యి పెట్టి, ప్లగ్గు పీకేశారు.

"మిస్! అది అన్యాయం!" అన్నాడు విల్కిన్.

"గుడిలో కరెంటు పోదా?"

ప్లగ్గు మళ్ళీ పెట్టారు. తెర వెలిగింది. "మీరు సగంలో ఆగారు. అక్కణ్ణించే మొదలుపెడదామా?"

యాభై నిమిషాలు అలా సాగింది. చివరికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తెర వైపు కాదు, ఆ పిల్ల వైపు చూశారు. చర్చిలో మాట్లాడినంత మెల్లగా, "నిలబడింది," అన్నారు.

ఆ తర్వాత గదిలో లేచిన గోలకి నేను బిగించిన పైపు వదులైంది. నిజమో కాదో కానీ నీళ్ళు మాత్రం కారాయి.

ఆ వారమే ఆవిడ పిల్లలందరికీ ఒక కాగితం పంచారు. బోస్టన్‌లో ఒక కాలేజీవాళ్ళు వేసవిలో ఆరువారాలు ప్రభుత్వ బడి పిల్లలకి ఉచితంగా ప్రోగ్రాములు నేర్పుతారు. అరవై మందినే తీసుకుంటారు. వాళ్ళ వెబ్‌సైటులో ఫారం నింపాలి, మార్చి పదిహేను ఆఖరు.

"నేను వెయ్యను మిస్," అంది చన్మొనీ.

"ఎందుకు?"

"ఊరికే."

విషయం అంతు తేలేదాకా వదలని మనిషి, ఆ రోజు ఇంకో మాట అడగలేదు. మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నమే వచ్చి, ఒక్కరే ఆ గదిలో కూర్చుని ఏదో కొడుతుండేవారు. ఎందుకో అడుగుదామనుకున్నాను. ఏం విరుగుతోందో తెలియనంతసేపే నాకు సుఖమని ఊరుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. మా వైస్ ప్రిన్సిపాల్ హాలొరన్ గారు చేతిలో కాగితాలతో నా సామాన్ల గదిలోకి వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది.

"అర్మాండో, 1871లో పుట్టిన విద్యార్థి మన బడిలో ఉన్నాడా?"

"ఉంటే ఈపాటికి పాసై పోయేవాడు కదండీ."

"నవ్వులాట కాదు! మన బడి కంప్యూటర్లనుంచి ఆ కాలేజీకి రెండు వందల పన్నెండు దొంగ అప్లికేషన్లు వెళ్ళాయట. చంద్రుడి మీద ఉంటున్నవాడొకడు. టోస్టర్ కొడుకొకడు. గురువారం వాళ్ళ ఆఫీసరమ్మ వస్తోంది. సరైన జవాబు చెప్పకపోతే ఈ ఏడు మన బడి పిల్లల అప్లికేషన్లు అన్నీ పక్కన పెట్టేస్తారు. అలా జరిగిందో, ఆ క్లాసుకి నేనే తాళం వేస్తాను."

ఎవరి పనో చెప్పక్కర్లేదు కదా.

కబురు పిల్లలదాకా పాకింది. క్లాసులో విల్కిన్ లేచాడు. "మిస్, నేను నిజంగా అప్లై చేశాను. మా అమ్మ సెలవు పెట్టి కూర్చుని నాతో నింపించింది. మీరు పగలగొట్టింది వాళ్ళ ఫారం కాదు, మా నెత్తి."

చన్మొనీ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

క్లాడెట్ గారు తెల్లబోయారు. ఆవిడ ముఖంలో బాధ చూడ్డం నాకదే మొదలు. "గురువారం దాకా ఆగండి," అన్నారు. "ముందు తప్పు చేసినవాళ్ళకి చెప్పాలి. ఆ కాలేజీకి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని ఒకటే జవాబు. ఉత్తరాలకి రానివాళ్ళు కోపమొస్తే వస్తారు."

గురువారం లైబ్రరీలో ఒక బల్ల వేశాం. కాలేజీనుంచి వచ్చినావిడ పేరు ప్రిసిల్లా లోరింగ్. నలభై ఏళ్ళుంటాయి. రెండు లావుపాటి కట్టలు బల్లమీద ధబ్బున పడేశారు. హాలొరన్ గారు పక్కన కూర్చున్నారు. తలుపు దగ్గర పిల్లలంతా గుమిగూడారు. బల్లకాలు ఒకటి కదులుతోందని చెప్పి నేనూ బల్ల పక్కనే మోకాళ్ళమీద ఉన్నాను.

"ఇదంతా ఎవరో పోకిరీ పిల్లలు చేశారనుకున్నాను," అన్నారు లోరింగ్, క్లాడెట్ గారి నెరిసిన జుట్టు చూసి.

"పిల్లలకి అంత ఓపిక ఎక్కడిది? ఫారం చివర 'ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు' అని ఒక వ్యాసం రాయమన్నారు కదా. నావి చదివారా?"

"పేర్లు చూశాకే ఆపేశాం."

"ఒకటి తియ్యండి. ఏదైనా సరే. పైకి చదవండి."

లోరింగ్ విసుగ్గా ఒక కాగితం లాగారు. "పుట్టిన సంవత్సరం 1871. వ్యాసం..." అని చదవడం మొదలుపెట్టారు. "'1871లో పుట్టిన నన్ను మీ ఫారం ఒప్పుకుంది. దీనికి నాలుగు నిమిషాల ముందు, ఇంటిపేరులో రెండే అక్షరాలున్న ఒక అమ్మాయిని, సరైన పేరు రాయమని వెనక్కి పంపింది.'"

ఆవిడ ఆగారు. అడగకుండానే ఇంకోటి లాగారు. "'నా ఇల్లు చంద్రుడి మీద ఉంది, మీ ఫారం ఒప్పుకుంది. ఇల్లు కాలిపోయి తల్లితో హోటల్ గదిలో ఉంటున్న ఒక పిల్లాడి చిరునామాని ఒప్పుకోలేదు.'"

ఇంకోటి. "'మా నాన్న ఒక టోస్టర్. మీ ఫారానికి ఏ అభ్యంతరమూ లేదు. అమ్మమ్మ పెంచుతున్న పిల్లకి మాత్రం రాసుకోవడానికి గడే లేదు.'"

ఇంకోటి. ఈసారి గొంతు తగ్గింది. "'నేను ఒక పిల్లిని. కీబోర్డు మీద నడిచి ఇదంతా రాశాను, రెండు నిమిషాల్లో అయిపోయింది. పగిలిన ఫోను మీద బొటనవేలితో రాస్తున్న పిల్లకి ఇరవై నిమిషాలు దాటాయి. మీ ఫారం మూసుకుపోయి, రాసిందంతా చెరిపేసింది.'"

హాలొరన్ గారు టై సవరించుకోవడం మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయారు. నేను బిగిస్తున్న బల్లకాలు ఎప్పుడో వదిలేశాను. రెండు వందల పన్నెండు వెక్కిరింతలనుకున్నాం. ఫారం వెనక్కి పంపిన రెండు వందల పన్నెండుమంది పిల్లల మొరలవి.

"నిరుడు మీ ఫారం మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా వదిలేసినవాళ్ళు ఎంతమంది?" అడిగారు క్లాడెట్ గారు.

లోరింగ్ తన కంప్యూటర్ తెరిచి చూశారు. "నాలుగు వందల పదకొండు."

"మా ఊరినుంచి?"

"తొంభై ఆరు." తెర మూసి, "ఆసక్తి లేక వదిలేశారనుకున్నాం," అన్నారు.

"నాకు ఆసక్తి ఉంది మేడం."

తలుపు దగ్గరినుంచి వచ్చింది ఆ గొంతు. చన్మొనీ ముందుకొచ్చి నిలబడింది. "నిరుడు పదమూడు సార్లు రాశాను. పదమూడుసార్లూ పేరు సరిగ్గా రాయమని ఎర్రక్షరాలు వచ్చాయి. ఇంకో అక్షరం కలిపేద్దామా అని యాయ్‌ని అడిగాను. వద్దంది. మీ తాత పేరు చిన్నదే కానీ మనిషి చిన్నవాడు కాదు అంది."

లోరింగ్ లేచి నిలబడ్డారు. సంచిలోంచి కలం తీశారు. "నీ పేరు?"

"చన్మొనీ."

"ఇంటిపేరు?"

"ఊ."

"ఇంటిపేరమ్మా."

"ఊ!" అని తలుపు దగ్గరి పిల్లలంతా ఒక్కసారి అరిచారు. లోరింగ్ ఉలిక్కిపడి, తర్వాత అర్థమై, నవ్వలేక ఏడవలేక ఆ రెండక్షరాలూ రాసుకున్నారు.

నాలుగు రోజుల్లో ఫారం బాగుపడింది. ఆఖరు తేదీ రెండు వారాలు జరిగింది. నిరుడు సగంలో ఆగిపోయిన నాలుగు వందల పదకొండుమందికీ ఆ ఆఫీసువాళ్ళు విడివిడిగా ఉత్తరాలు రాశారు, మళ్ళీ రమ్మని. మా బడినుంచి పందొమ్మిది మంది అప్లై చేస్తే ఐదుగురికి సీటొచ్చింది. చన్మొనీకి వచ్చింది. విల్కిన్‌కి కూడా వచ్చింది. ఆ కాలేజీవాళ్ళ చెవుల్ని దేవుడే కాపాడాలి. వాడు క్లాడెట్ గారి దగ్గరికి వెళ్ళి, "మిస్, ఆ రోజు నేను..." అని, జీవితంలో మొదటిసారి మాట దొరక్క, చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని రెండుసార్లు గట్టిగా ఊపి, "గట్టిగానే ఉంది," అన్నారు.

ఆ సాయంత్రం తాళాలు వేస్తూ అడిగాను. "ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు కదా, మీకెలా తెలిసింది?"

"మైనస్ మూడు చేపల్ని కూడా అంత మర్యాదగా పలకరించే పిల్ల అర్మాండో అది! తననెవరో మర్యాద లేకుండా వెనక్కి పంపి ఉంటారని అనుకున్నాను. ఆ 'ఊరికే' వెనక ఏముందో వెతికాను."

కథ ఇక్కడితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను. ఏప్రిల్ చివర్లో నా పేరుమీద బోస్టన్ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల లోరింగ్ గారు చేత్తో రాసిన ఉత్తరం. "ఫుర్టాడో గారికి, మా దగ్గరున్న కట్టలో అన్నీ దొంగ పేర్లే, ఒక్కటి తప్ప. రెండు వందల పదమూడోది మీది. మా క్లాసులు పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి, కాబట్టి మిమ్మల్ని తీసుకోలేం, మన్నించండి. కానీ దీన్ని తీసి పారేయడానికి నాకు చేతులు రాలేదు."

కూడా ఉన్న కాగితంలో నా పేరు, నా వయసు అరవై ఒకటి, చదివింది నాలుగో తరగతి. కింద నేను రాయని వ్యాసం:

"నేను పుట్టిన చిన్న దీవిలో నాలుగో తరగతి అయ్యాక ఆవులు కాశాను. తర్వాత ఈ దేశం వచ్చి బడిలో పనికి కుదిరాను. మంగళవారం, గురువారం ఒక గది ముందు నేల తుడుస్తాను. రెండు గజాల నేలని గంటన్నర సేపు తుడుస్తాను. ఈ బడిలో అంత మెరిసే నేల ఇంకోటి లేదు. లోపల చెప్పేదంతా వింటాను. ఎవరైనా రమ్మంటే లోపలికి వస్తాను. నాలుగేళ్ళుగా ఎవరూ రమ్మనలేదు. అన్నిటిలోనూ తప్పులు పట్టే ఆ ముసలావిడకి కూడా తోచలేదు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ తీసి చదివాను. అక్కడక్కడ అక్షరాలు కనపడలేదు, అది నా కళ్ళజోడు తప్పే అయి ఉంటుంది. కిందికి వెళ్ళాను. ఆవిడ గదిలో కుర్చీలు సర్దుతున్నారు.

"ఏంటిది క్లాడెట్ గారూ?"

ఆవిడ తలెత్తకుండానే అన్నారు, "మిగతావన్నీ వాళ్ళ ఫారంలో తప్పులు. అది నా క్లాసులో తప్పు. కనిపెట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. సిగ్గుచేటు. మంగళవారం మూడింటికి, ఆలస్యం చెయ్యకు."

మంగళవారం మూడింటికి వెళ్ళాను. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఆ గదిలో నేను తిరగని అంగుళం లేదు, బిగించని మేకు లేదు. కూర్చోవడం మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

"మిస్టర్ ఎఫ్, ఆ తుడుపుకర్ర బయట పెట్టి రండి," అన్నాడు విల్కిన్. "ఇక్కడ మీరు స్టూడెంటు."

చన్మొనీ తన పక్క కుర్చీమీది బ్యాగు తీసి కింద పెట్టింది. కూర్చున్నాను. ఎదురుగా తెరమీద చిన్న గీత ఒకటి ఆగి ఆగి వెలుగుతోంది, నేనేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు.

"ముందు పేరు అడగమని చెప్పండి దానికి," అంది చన్మొనీ మెల్లగా. "తొందర లేదు."

రెండు చూపుడువేళ్ళతో ఒక్కో అక్షరం వెతికి నొక్కడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆ గది ముందు నేల ఎవరూ తుడవలేదు. హాలొరన్ గారు అటుగా వెళ్తూ ఆగి, మరకల వైపు చూశారు, లోపల నావైపు చూశారు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, మునివేళ్ళమీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు.